పడమటి చెరువుకి వడ్డించలేదు

మా అత్తయ్య లక్ష్మీనరసమ్మకి ప్రపంచంలో ఒకే ఒక్క భయం ఉంది. తన చేతి వడ్డనలో ఎవరైనా అరకడుపుతో లేస్తారేమోనని. పాముకి భయపడదు, తుపానుకి భయపడదు, మావయ్యకి అసలే భయపడదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన రెండు కూరలతో భోంచేసి, మీటరు సంగతి మర్చిపోయి వెళ్లిపోయిన ఇల్లది. భీమవరానికి దిగువన, ఉప్పుటేరుకి దగ్గర్లో మా ఊరు. రాజుల ఇళ్లల్లో కుక్కని కూడా గారూ అని పిలుస్తారని బయట ఎగతాళి చేస్తుంటారు. శుద్ధ అబద్ధం. కుక్కని నువ్వు అనే అంటాం. కాకపోతే అన్నం పెట్టేటప్పుడు, వేడిగా ఉంది చూసుకో అని ఒక మాట చెబుతాం.

అలాంటి ఇంట్లో తెచ్చి నా పరిశోధన పెట్టాను. నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి.

రెండువేల మూడో సంవత్సరం. విశాఖపట్నంలో రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. జబ్బులంటే అన్నీ కాదు, ఒక్కటే. తెల్లమచ్చ. మా వైపు వాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు, మీకు చెప్పాలి. టైగర్ రొయ్య తలకాయ మీద తెల్లటి చుక్కలు లేస్తాయి. మేత మానేస్తుంది. గట్టు అంచుకి వచ్చి నీరసంగా ఆనుకుంటుంది. వారం తిరక్కుండా చెరువు చెరువంతా ఖాళీ. చేసేది వైరస్, దానికి మందు లేదు. మందు లేదు కాబట్టే భీమవరంలో టిఫిన్ హోటళ్ల కంటే రొయ్యల మందుల షాపులు ఎక్కువ.

వైరస్‌కి కళ్లు లేవు. కణం పైపొరని తడిమి చూసుకుని, ఇదే మనకి కావలసిన ఇల్లు అనుకుని లోపలికి దూరుతుంది. లోపలున్న సామానంతా వాడుకుని తన సంతానాన్ని తయారు చేసుకుంటుంది. నేను చేసేదేంటంటే, రొయ్య రక్తంలోంచి కణాలు తీసి, లోపలి సరుకు ఖాళీ చేసి, ఆ పైపొరతోనే కంటికి కనపడనంత చిన్న బుడగలు కట్టడం. పైకి చూస్తే అచ్చం కణమే, లోపల ఏమీ ఉండదు. వైరస్ వస్తుంది, తడుముతుంది, అతుక్కుంటుంది, దూరుతుంది. లోపల చేసుకోడానికి ఏమీ దొరక్క అక్కడితో దాని కథ సరి. అసలు కణం పక్కనే నిక్షేపంగా ఉంటుంది.

ఇది చెబితే మా మావయ్య వేణుగోపాలరాజు గారు, "ఓస్, దిష్టిబొమ్మన్నమాట" అన్నారు. మా డిపార్ట్‌మెంటులో దీన్నే ముప్పై స్లైడ్లు వేసి చెప్పాను. అయినా వెనక వరసలో సగంమంది నిద్రపోయారు.

గాజుతొట్టెల్లో నా బుడగలు బ్రహ్మాండంగా పనిచేశాయి. మా గైడు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "తొట్టెలో అన్నీ పనిచేస్తాయి శ్రీసత్యా. చెరువులో చూపించు" అన్నారు. చూపించాలంటే ఒక్క చెరువు చాలదు, రెండుండాలి. ఒకే నీళ్లు, ఒకే రొయ్యపిల్ల, ఒకే మేత. ఒకదానికి బుడగలు పెట్టాలి, ఇంకోదానికి పెట్టకూడదు. జబ్బొచ్చినప్పుడు పెట్టింది బతికి, పెట్టనిది చావాలి. అప్పుడే బుడగ పనిచేసినట్టు. నా రిజిస్ట్రేషన్‌కి ఇచ్చిన గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఇదీ తేలకపోతే నాలుగేళ్ల పని కట్టకట్టి అటక మీద పెట్టుకోవడమే.

మావయ్యకి అలాంటి జంట చెరువులున్నాయి, మధ్యలో ఒకే గట్టు. తూర్పుది మావయ్య పిత్రార్జితం. పడమటిది అత్తయ్యకి పసుపుకుంకాల కింద మా తాతగారిచ్చిన పొలంలో తవ్వింది. అడగ్గానే మావయ్య సరేనన్నారు. అత్తయ్య అయితే, నీ చదువుకి పనికొస్తే మా చెరువులెంత అంది. నేను థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసి, బుడగల డబ్బాలు పట్టుకుని రైలెక్కి వచ్చేదాన్ని. అత్తయ్య ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేసి, పెరుగు గిన్నెల్ని కిందకి దించి, వాటికి చోటిచ్చింది. మేతలో కోడిగుడ్డు సొన వేసి వాటిని కలిపే పని కూడా ఆవిడే తీసుకుంది. తిండి కలిపే పని వేరేవాళ్ల చేతికిస్తే ఆవిడకి నిద్ర పట్టదు మరి.

"అత్తయ్యా, తూర్పు చెరువుకి మాత్రమే. పడమటిదానికి ఉత్త మేత" అని వెళ్లే ముందు ప్రతిసారీ చెప్పేదాన్ని.

"సరేలే" అనేది ఆవిడ. ఆవిడ సరేలే అంటే నువ్వు బస్సెక్కు అని అర్థం, అంతకుమించి ఏమీ కాదు.

వేసవి ముదిరేసరికి తెల్లమచ్చ దిగింది. చుట్టుపక్కల ఏ గట్టు మీద చూసినా కొంగలే. చిటికెన వేలంత రొయ్యల్ని ఏడుస్తూ వల లాగి పట్టుబడి చేసేశారు. రోడ్డు మీద ఐసు లారీలు బారులు తీరాయి. ఊరంతా బ్లీచింగ్ వాసన. కబురు తెలియగానే పరిగెత్తుకొచ్చాను. తూర్పు చెరువులో రొయ్య ఒక్కటి కూడా నలగలేదు. మేత వేస్తే ట్రే ఖాళీ చేసేస్తోంది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. గట్టు దాటి పడమటి చెరువు చూశాను. అది ఇంకా హుషారుగా ఉంది. అక్కడే చతికిలబడ్డాను. చెరువు బతికుందని ఏడ్చిన మనిషి మా మండలంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా గైడు గారు ఫోన్లో ఎంతో మర్యాదగా చెప్పారు. "అంటే వైరస్ మీ గట్టు దాకా రాలేదన్నమాట. మనకిందులో ఏమీ లేదమ్మా." పక్కవాళ్ల చెరువులు పోయాయి కదండీ అంటే, వాళ్ల పిల్ల వేరు, మేత వేరు, దాంతో దీన్ని పోల్చకూడదన్నారు. ఆయనన్నది నిజమే, అందుకే ఇంకా మండింది.

పట్టుబడి రోజు మా ఇంట్లో పెళ్లి భోజనాల సందడి. వల లాగినవాళ్లు, ఐసు కొట్టినవాళ్లు, లారీ డ్రైవరు, మావయ్య, నేను, అందరం వసారాలో ఒకే వరసలో కూర్చున్నాం. రావులపాలెం నుంచి తెప్పించిన అరిటాకులు. అత్తయ్య నెయ్యి గిన్నె పట్టుకుని మొదటి ఆకు నుంచి వస్తోంది. నేను మావయ్య దగ్గర నా గోడు వెళ్లబోసుకుంటున్నాను. పడమటిది చావకపోవడం వల్ల నా బతుకెలా తెల్లారిందో చెబుతున్నాను.

అత్తయ్య నా ఆకు దగ్గర ఆగింది. "అదెందుకు చస్తుందే? దానికీ పెట్టాను కదా" అంది, పప్పులో ధార కట్టించి నెయ్యి వేస్తూ.

"ఏం పెట్టావు?"

"నీ బుడగలే. తెచ్చినప్పుడల్లా డబ్బా సగం సగం చేశాను. పాపం, దానికీ సరిపోయాయి."

చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాను. చెప్పాను కదా అత్తయ్యా, లక్షసార్లు చెప్పాను కదా అన్నాను.

"చెప్పావులే. ఇటో చెరువు, అటో చెరువు, మధ్యలో ఒక్క గట్టు. ఇది పంక్తి కాదా? పంక్తిలో ఒకరి ఆకులో నెయ్యి వేసి, పక్క ఆకు కనపడనట్టు పోతామా? ఎవరింటి పిల్లవే నువ్వు?"

పంక్తిభేదం. యూనివర్సిటీలో నాకు చెప్పిన పొరపాట్ల చిట్టాలో ఇదొక్కటీ లేదు. పెట్టకపోవడమే ఆ చెరువు పని అని, అది చస్తేనే నాకు ఉపయోగమని ఆవిడకి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. వరస వరసంతా తినడం మానేసి వింటోంది.

"అయితే చావడానికే పెంచుతున్నావా దాన్ని?" అంది.

"అవును."

"కోడిని కూడా కోసేదాకా కడుపు నిండా పెడతాం సత్యా" అంది చాలా నెమ్మదిగా.

అప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. "నీ మర్యాదలు తగలెయ్య, నా నాలుగేళ్ల చదువుని మింగేశావు కదా" అని అరిచి, ఆకు ముందు నుంచి లేచిపోయాను. ఆ వసారాలో అత్తయ్య వడ్డిస్తుండగా మధ్యలో లేచిన మనిషి అంతకుముందు లేదు. చెయ్యి కడుక్కుని తిరిగి చూస్తే ఆవిడ నా ఆకు దగ్గరే, ఆ గిన్నెతోనే నిలబడి ఉంది. మళ్లీ రమ్మని పిలవలేదు.

నేను ఏడుస్తుంటే ఊరు మాత్రం పండగ చేసుకుంది. రాజుగారి రెండు చెరువులూ బుడగల వల్ల బతికాయట అని పెనుగొండ దాకా పాకిపోయింది. అందరికంటే ముందు పసిగట్టింది బుల్లిబాబు గారు. భీమవరంలో రొయ్యల మందుల షాపు ఆయనది. తెల్లచొక్కా, నుదుట కుంకం, మాటకి ముందో అండీ వెనకో అండీ. ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మాయిగారండీ, మీ బుడగలు మా షాపుకి ఇప్పించండి" అన్నారు. ఇంకా రుజువు కాలేదండీ, అమ్మకూడదు అన్నాను. "ఆయ్, అలాగేనండి" అని మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

వారం తిరిగేసరికి ఆయన షాపులో సీసాలు వెలిశాయి. బుడగ ప్లస్. పైన నవ్వుతున్న రొయ్య బొమ్మ. నేను వెళ్లి ఒక సీసా చేతిలోకి తీసుకున్నాను.

"ఇందులో ఏముందండీ బుల్లిబాబు గారూ?"

"బుడగలేనండి" అని, సీసా తీసుకుని గట్టిగా ఊపి చూపించారు. మూత దాకా నురగ లేచింది.

"నా బుడగలు కంటికి కనపడవండీ."

"కనపడకపోతే ఎవరు కొంటారండీ?"

"ఇది పనిచేయదు."

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "మీది పనిచేస్తుందని తేలిందాండీ?" అన్నారు. ఇంకా తేలలేదన్నాను. "ఆయ్. మరి నాది పనిచేయదని మాత్రం ఎవరు తేల్చారండీ?" అని, నాకు కూల్‌డ్రింక్ తెప్పించారు.

తాగాను, ఏం చేస్తాను. కణానికి నకిలీ నా బుడగ. నా బుడగకి నకిలీ ఆయన నురగ. వైరస్‌ని బోల్తా కొట్టించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. జనాన్ని బోల్తా కొట్టించడానికి ఆయనకి వారం చాలింది. మా పక్క చెరువుల పల్లంరాజు గారు అట్టపెట్టెల లెక్కన కొనుక్కుని, ఈసారి తెల్లమచ్చ సంగతి చూస్తానని తొడ కొట్టారు.

ఆ పూట ఇంటికొచ్చి ఇదంతా మావయ్యకి చెప్పాను. "ఆయన నోరు మూయించాలంటే ఒకే దారి మావయ్యా. బతికిన చెరువు పక్కన చచ్చిన చెరువు చూపించాలి. అది నాకు ఎవరిస్తారు?" అత్తయ్య అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆకు ముందు నుంచి లేచిన రోజు నుంచి మా ఇద్దరికీ అవసరమైన మాటలే నడుస్తున్నాయి. ఆవేళా తలెత్తలేదు.

అత్తయ్యకి పొద్దున్నే కాఫీ ఉంటుంది. ఉంటుంది అంటే తక్కువ చెప్పినట్టు. అందరికీ అన్నీ పెట్టి తను ఆఖర్న తినే మనిషి, ఆ ఒక్క కాఫీ మాత్రం అందరికంటే ముందు తాగుతుంది. పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసుకుని పెరటి గుమ్మంలో కూర్చుంటే, అది అడుగంటేదాకా ఇంట్లో ఎవరూ ఆవిడని పలకరించకూడదు. జీవితంలో ఆవిడ తనకంటూ ఉంచుకున్నది అదే. మర్నాడు ఆ గ్లాసు సగంలో ఉండగానే నన్ను పిలిచింది.

"ఈసారి పడమటిదానికి పెట్టను" అంది.

మావయ్య పేపరు దించారు. "ఎందుకు నరసమ్మా, ఆపితే తూర్పుది ఆపుదాం. అది నాది కదా."

"మీ చెరువు నోరు కొట్టమంటారా నన్ను? పడమటిది నాది. నా పుట్టింటిది. దాని నోరు కొడితే నేనే కొట్టాలి. పిల్ల చదువు నా వల్ల పోయిందన్న మాట నేను పడలేను" అని, చల్లారిన కాఫీ లోపలికి పట్టుకుపోయింది.

మాటంటే మాటే. కొత్త పిల్ల వేసిన రోజు నుంచి మేత వేసే వేళకి గొడుగేసుకుని నడిగట్టు మీద కూర్చునేది. బుడగలు కలిపిన బుట్ట తూర్పు గట్టు దాటి ఇటు రాకూడదు. కుర్రాళ్లెవరైనా దగ్గరి దారని ఆ బుట్టతో పడమటి గట్టు ఎక్కబోతే, పొమ్మని వెనక్కి తోలేసేది. విజ్ఞానశాస్త్రానికి అంత కచ్చితమైన కాపలా మా యూనివర్సిటీలో నేను చూడలేదు. మా స్టోర్‌లో అయితే మైక్రోస్కోపు అద్దాలే మాయమవుతుంటాయి.

జబ్బు మళ్లీ వచ్చింది. ముందు పల్లంరాజు గారి చెరువులో దిగింది. సీసాల మీద సీసాలు పోశారు, నీటి మీద అడుగెత్తు నురగ కట్టింది. ఆ నురగలోనే చచ్చిన రొయ్యలు తేలాయి. బుల్లిబాబు గారిని నిలదీస్తే, మీరు ఊపకుండా పోసుంటారండీ అన్నారట. ఆ తర్వాత మా పడమటి చెరువు. నేను వచ్చేసరికి రొయ్యలు అంచుకి వచ్చి ఆనుకున్నాయి. తలకాయల మీద చుక్కలు. అత్తయ్య చెప్పులు విడిచి నీళ్ల అంచున కూర్చుని ఉంది. ఏడవలేదు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, చూసి, మళ్లీ నీళ్లలో వదిలేసింది.

గట్టు అవతల తూర్పు చెరువు ట్రే ఎత్తితే రొయ్యలు ఎగిరి గంతులేశాయి. నేనూ వేశాను. దాచడం ఎందుకు, అత్తయ్య చూస్తుండగానే వేశాను. తూర్పుది బతికింది, పడమటిది చచ్చింది. బుడగ పనిచేస్తుంది. నాలుగేళ్లుగా నాకు తెలియాల్సింది తెలిసిపోయింది. రొయ్యల్ని సీసాల్లో వేసుకుని, ఐసులో పెట్టుకుని, ఇంటికి పరిగెత్తి ఫోనందుకున్నాను.

మా గైడు గారు అంతా విన్నారు. "వెరీ గుడ్" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. వెంటనే, "కానీ ఒక్క జత చాలదు కదా. ఎగ్జామినరు అదృష్టం అంటాడు. ఇంకో మూడు జతలు వేసి, అందులో మూడు చెరువులు బుడగలు లేకుండా పెంచి చూపిస్తే ఇక ఎవరూ మాట్లాడలేరు. గడువు సంగతి నేను చూస్తాలే" అన్నారు. మూడు కొబ్బరికాయలు తెమ్మన్నంత తేలిగ్గా చెప్పారు. నేను సరేనండీ అని పెట్టేశాను.

మావయ్య బ్లీచింగ్ చల్లించడానికి చెరువు దగ్గరే ఉండిపోయారు. మధ్యాహ్నం భోజనానికి అత్తయ్యా నేనూ మాత్రమే. నాకు వడ్డించి, ఎన్నడూ లేనిది, తన కంచం కూడా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. అలసిపోయిందేమో. నా పప్పన్నంలో నెయ్యి వేసి గిన్నె పక్కన పెట్టింది. తన కంచంలో వట్టి పప్పన్నం కలుపుకుంటోంది.

"నెయ్యి వేసుకోలేదే?" అన్నాను.

"వద్దులే."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. పిల్ల వేసిన రోజు నుంచి మానేశాను" అంది, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా. "ఆ చెరువుకి లేనిది నాకు మాత్రం ఎందుకు? దాన్ని ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. నేనూ దాని పక్కన కూర్చున్నాను, అంతే."

ఆ పంట కాలమంతా నేను వస్తూ పోతూనే ఉన్నాను. మావయ్య రోజూ మూడు పూటలా ఆ ఇంట్లోనే తిన్నారు. పాలేళ్లు తిన్నారు, మీటరాయన తిన్నాడు. రొయ్య ఏం తిందో, ఎంత తిందో గంటగంటకీ ట్రే ఎత్తి చూసుకున్న మేము, ఆవిడ ఏం తింటోందో ఒక్కసారి తొంగి చూడలేదు. నాకు సిగ్గేసింది. నెయ్యి గిన్నె తీసుకుని ఆవిడ కంచం మీదకి వంచబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవాళ కాదు. దాన్ని ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ పిల్ల వేసుకున్నాక తింటాను. మీ సారేమన్నారు?"

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"బాగుందన్నారు అత్తయ్యా. ఒక్కటి చాలదంట. ఇంకో మూడు చెరువులు కావాలంట, బుడగలు పెట్టనివి" అన్నాను.

అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగింది. పల్లంరాజు గారి చెరువులు ఎలాగూ ఖాళీగా ఉన్నాయి, నేను అడిగితే కాదనరు అంది. తర్వాత ఎడం చేతి వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.

"మూడా" అంది. "నెయ్యి ఎలాగూ మానేశాను. పెరుగు మానేస్తాను."

వంటింట్లో బల్ల మీద స్టీలు గ్లాసు కడిగి బోర్లించి ఉంది. అటు చూసింది.

"కాఫీ ఒక్కటే కష్టమే సత్యా" అంటూ, నా చేతిలోంచి గిన్నె తీసుకుని, నా అన్నంలో ఇంకాస్త నెయ్యి వేసింది.